ప్రార్థనలో ఊ కొట్టేది ఎవరు?

పాలకొల్లు దగ్గర కాలువ గట్టు మీద ఒక చిన్న చర్చి ఉంది. ఒక శుక్రవారం అక్కడ ఉపవాస కూడిక ముగిశాక, ఇంటర్ చదువుతున్న కుర్రవాడు పాస్టరుగారిని ఇలా అడిగాడు: “ప్రార్థన అంటే దేవుడితో సంభాషణ అని చెప్పారు కదండీ. పొద్దున్నుంచీ మనమే మాట్లాడాం. ఆయన వంతు ఎప్పుడండీ?” చాపల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వి, “వాక్యం చదువుకో నాన్నా, అందులో మాట్లాడతాడు” అన్నారు. కుర్రవాడు తల ఊపాడు గానీ అతని ముఖంలో ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మా ప్రాంతంలో వంతు అనేది బరువైన మాట. కాలువ శివారున పొలం ఉన్నవాడికి దాని విలువ తెలుసు. పై పొలాలు తడిసేదాకా ఆగి, అర్ధరాత్రయినా సరే పార భుజాన వేసుకుని బోదె దగ్గర కాచుకుంటేనే నీళ్ళు అందుతాయి. కుర్రవాడు వెటకారానికి అడగలేదు. పాస్టరుగారు చెప్పింది తప్పూ కాదు. కానీ ఆ ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్య పెద్ద చిక్కుముడి ఉంది. దాన్ని విప్పడానికే ఈ వ్యాసం.

ముందు ‘సంభాషణ’ అనే మాట సంగతి చూద్దాం. ప్రార్థనను ఇలా చెప్పడం నిన్నమొన్నటి అలవాటు కాదు. రెండో శతాబ్దం చివర్లో అలెగ్జాండ్రియాలో బోధకుడిగా ఉన్న క్లెమెంట్ ప్రార్థనకు నిర్వచనం చెబుతూ ‘హోమిలియా’ అనే గ్రీకు మాట వాడాడు. దాన్ని సంభాషణ అని అనువదిస్తూ వచ్చారు. అయితే అదే మాట బైబిలులో మరోచోట ఉంది. కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలో పౌలు చెడ్డ స్నేహాల గురించి హెచ్చరిస్తాడు. “దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును” అనే ఆ వాక్యం తెలుగు క్రైస్తవ ఇళ్ళలో పిల్లలందరికీ కంఠతా వచ్చు, ముఖ్యంగా సినిమాకు వెళ్ళి దొరికిపోయిన పిల్లలకు. అక్కడ ‘సాంగత్యము’ అని మన అనువాదకులు రాసిన చోట గ్రీకులో ఉన్నది హోమిలియా బహువచనమే. అంటే క్లెమెంట్ మాటలో సంభాషణ ఎంత ఉందో సాంగత్యం కూడా అంతే ఉంది.

దీంతో సగం ముడి వీడుతుంది. ఫోనులో మాట్లాడుతున్నప్పుడు అవతలి నుంచి అరనిమిషం చప్పుడు లేకపోతే “హలో, వినిపిస్తోందా?” అని కంగారు పడతాం. సాయంత్రం అరుగు మీద కూర్చున్న ముసలి దంపతులు గంటసేపు ఒక్క మాటా అనుకోకపోయినా వాళ్ళ మధ్య ఏదో తెగిపోయిందని ఎవరూ అనుకోరు. ప్రార్థనను ఫోను కాల్‌లా ఊహించుకుంటే దేవుడి మౌనం సిగ్నల్ పోయినట్టు ఉంటుంది. సాంగత్యంలా ఊహించుకుంటే ఆ మౌనానికి వేరే అర్థాలకు చోటు దొరుకుతుంది.

కానీ ‘సాంగత్యం’ అనేసి ఇక్కడితో తప్పించుకుంటే ఆ కుర్రవాడికి అన్యాయం చేసినట్టే. అతను అడిగింది మాటల గురించి. మాటల దగ్గరికే వద్దాం.

తెలుగువాళ్ళ ఇళ్ళలో కథ చెప్పేవాళ్ళకు ఊ కొట్టేవాళ్ళు ఉండాలి. మా నానమ్మ ఊ లేకపోతే కథ ఆపేసేది. “రాజుగారు వేటకు వెళ్ళారు.” “ఊ.” “అడవిలో దారి తప్పారు.” “ఊ.” మా ఊ సన్నగిల్లితే నిద్రపోయామని లెక్క. ఊ అంటే ఒప్పుకోవడం కాదు, జవాబూ కాదు. నేను ఇక్కడే ఉన్నాను, వింటున్నాను, తర్వాత ఏమైంది అని చెప్పడం. క్రైస్తవ ప్రార్థనకూ ఇలాంటి ఒక మాట ఉంది. అదే ఆమేన్. హీబ్రూలో స్థిరత్వం, నమ్మకం అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చింది. మనం దాన్ని ప్రార్థన చివర పెట్టే చుక్కలా వాడుతున్నాం గానీ, బైబిలులో అది మొదట వినేవాళ్ళ మాట. ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో ఆరాధన సేవ చూసే లేవీయులు ఒక్కొక్క వాక్యం గట్టిగా చదువుతుంటే, జనమంతా ప్రతి వాక్యానికీ ఆమేన్ అనాలని ఉంటుంది. పన్నెండు వాక్యాలు, పన్నెండు ఆమేన్‌లు. ఊ కొట్టడమే కదా.

అక్కడ కథ చెబుతున్నది ఎవరు, ఊ కొడుతున్నది ఎవరు? మనకు అలవాటైన ఊహలో మనం చెబుతాం, దేవుడు ఊ కొట్టాలి. ఆయన ఊ వినిపించకపోతే నిద్రపోయాడేమో అనుకుంటాం. బైబిలు గీసిన బొమ్మ దీనికి తలకిందులుగా ఉంది. ఆదికాండంలో మొదట నోరు విప్పింది దేవుడు. దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న “నీవు ఎక్కడ ఉన్నావు?” అప్పటికి మనిషి చెట్ల చాటున దాక్కుని ఉన్నాడు. అబ్రాహామును పిలిచింది, మండుతున్న పొదలోంచి మోషేను పేరు పెట్టి పిలిచింది ఆయనే. ఈ లెక్కన మనిషి చేసే ప్రార్థన ఎప్పుడూ రెండో మాటే. సంభాషణ ముందే మొదలైంది, మనం మధ్యలో వచ్చి కూర్చున్నాం. కుర్రవాడి ప్రశ్నకు పాస్టరుగారి జవాబులో ఉన్న అసలు బలం ఇదే. ఆయన ఇంకో రెండు నిమిషాలు ఆగి దీన్ని విడమరచి ఉంటే బాగుండేది.

తొలి శతాబ్దాల సంఘంలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ ఒక కీర్తనకు వ్యాఖ్యానం చెబుతూ, నీవు చదివేటప్పుడు దేవుడు నీతో మాట్లాడతాడు, ప్రార్థించేటప్పుడు నీవు దేవుడితో మాట్లాడతావు అన్నాడు. చెప్పినంత తేలికగా ఇది అలవాటు కాదు. ఇక్కడ గోదావరి డెల్టాకు దూరపు చుట్టరికం ఉన్న ఒక మనిషిని తలుచుకోవాలి. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బియర్ అనే ఇద్దరు బయలుదేరి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో గోదావరి డెల్టా మిషన్ వాళ్ళతోనే మొదలైంది. ఆ గ్రోవ్స్ చెల్లెలి భర్త జార్జ్ ముల్లర్. అదే 1836లో బ్రిస్టల్ నగరంలో అనాథ శరణాలయం మొదలుపెట్టి, చందాల కోసం మనుషులను అడగకుండా దేవుణ్ణే అడుగుతానని పట్టుబట్టినవాడు. ప్రార్థనలో ఆరితేరినవాడని పేరు. ఆయనే 1841లో రాసుకున్న ఒక సంగతి నాకు చాలా ఇష్టం. అప్పటిదాకా ఏళ్ళ తరబడి ఉదయం లేచి బట్టలు వేసుకోగానే నేరుగా ప్రార్థనకు దిగేవాడట. తీరా చూస్తే మనసు ఎక్కడెక్కడో తిరుగుతూ ఒక్కోసారి అరగంటదాకా కుదురుకునేది కాదట. తర్వాత పద్ధతి మార్చాడు. ముందు వాక్యం చదవడం, దాని మీద మనసు పెట్టడం, అందులోంచి ఏ మాట తగిలితే దాన్నే ప్రార్థనగా తిప్పడం. అంటే ముందు ఊ కొట్టడం, తర్వాత మాట్లాడడం.

రాజమండ్రి, భీమవరం వైపు లూథరన్ సంఘాలవాళ్ళకు ఇలాంటి పాఠం ఇంకా పాతది. 1535లో మార్టిన్ లూథర్‌కు క్షవరం చేసే పీటర్ అనే ఆయన, ప్రార్థన ఎలా చేసుకోవాలో చెప్పమని అడిగితే లూథర్ అతని కోసమే ఒక చిన్న పుస్తకం రాశాడు. పది ఆజ్ఞల్లో ఒక్కొక్కటి తీసుకుని, ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ తప్పు ఒప్పుకోవాలి, ఏమి అడగాలి అని నాలుగు పోగుల దండలా అల్లుకోమన్నాడు. మధ్యలో ఏదైనా మంచి తలంపు బలంగా తగిలితే మిగతావన్నీ పక్కన పెట్టి మౌనంగా వినమన్నాడు. పరిశుద్ధాత్మ చెప్పే ఒక్క మాట మన వెయ్యి ప్రార్థనల కన్నా మేలన్నాడు. ఇక ధ్యాస గురించి చెప్పడానికి పీటర్ వృత్తినే ఎత్తుకున్నాడు: కత్తి పట్టుకున్నవాడు కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది కదా అని.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే.

గోదావరి జిల్లాల మర్యాద గురించి తెలుగువాళ్ళంతా ముచ్చటగా చెప్పుకుంటారు. పిలిస్తే ‘ఆయ్’, పలికితే ‘అండి’. అలాంటి చోట దేవుణ్ణి మాత్రం ‘నీవు’ అంటారు. “పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడునుగాక.” పాత తెలుగులో రాజునైనా నీవు అనేవారు కాబట్టి అనువాదకులకు అది సహజంగానే తోచి ఉంటుంది. కానీ ఆ మాట డెల్టా పల్లెల్లోకి వచ్చి పడినప్పుడు ఏం జరిగిందో ఊహించండి. ఇక్కడ తొలి తరాల క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్ళు. కామందు ఎదుట చెప్పులు విడిచి, తలపాగా తీసి, దూరంగా నిలబడి, ‘అయ్యా’ తప్ప వేరే మాట ఎరగనివాళ్ళు. ఆ కామందు కన్నా, జిల్లా కలెక్టరు కన్నా, ఆనకట్ట కట్టించిన దొర కన్నా పెద్దవాణ్ణి ‘తండ్రీ, నువ్వు’ అని పిలవవచ్చని ఎవరో వచ్చి చెప్పారు. నిలబడనక్కర్లేదు, మధ్యవర్తి అక్కర్లేదు, కానుక అక్కర్లేదు, వంగి దణ్ణం పెట్టి జవాబు కోసం గుమ్మం బయట కాచుకోనక్కర్లేదు. ప్రార్థన సంభాషణ అనే మాటకు ఆ పేటల్లో ఉన్న అర్థం, చదువుకున్నవాళ్ళ చర్చల్లో ఉన్న అర్థం ఒకటి కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడే హక్కు జన్మలో మొదటిసారి దొరికినవాళ్ళకు, ఆ ఎదురుగా ఉన్నది దేవుడే కావడం చిన్న విషయం కాదు.

ఈ మధ్య పట్నం చర్చిల్లో ‘మీరు’ పెరిగింది. “ప్రభువా, మీకు వందనాలు, మీరే సహాయం చేయండి” అంటున్నారు. భక్తి తగ్గకూడదని అలా అంటారు, తప్పు పట్టను. ఒకటి మాత్రం గమనించాను. మీరుతో మొదలైన ప్రార్థన, బిడ్డ జబ్బు దగ్గరికి వచ్చేసరికి తెలియకుండానే నువ్వులోకి జారుతుంది. “నువ్వు తప్ప నాకెవరున్నారు తండ్రీ!”

యేసు అరామిక్‌లో దేవుణ్ణి పిలిచిన మాట అబ్బా. తెలుగు బైబిలులో ఒకచోట ‘అబ్బా తండ్రీ’ అనీ, మరోచోట ‘నాయనా తండ్రీ’ అనీ కనిపిస్తుంది. దాన్ని పసిపిల్లల ముద్దుమాటగా ప్రసంగాల్లో చెబుతుంటారు. నిజానికి పెద్దయిన కొడుకులు కూడా తండ్రిని పిలవడానికి వాడిన మాటే. మనకు దీన్ని అర్థం చేసుకోవడానికి అరామిక్ అక్కర్లేదు. ‘ఎవడబ్బ సొమ్ము?’ అని అడిగే తెలుగువాడికి అబ్బ అంటే ఎవరో తెలుసు. కాలికి ముల్లు గుచ్చుకుంటే మనం అనేది కూడా ‘అబ్బా!’ అనే. ఈ రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, ధ్వని కలవడం యాదృచ్ఛికమే. అయినా గెత్సేమనే తోటలో, మరణానికి ముందు రాత్రి, రాబోయే బాధను గిన్నెగా చెప్పి ‘ఈ గిన్నె నా నుంచి తొలగించు’ అంటూ యేసు ‘అబ్బా’ అన్నాడని చదివినప్పుడు తెలుగు చెవికి అందులో పిలుపూ నొప్పీ రెండూ ఒకేసారి వినిపిస్తాయి. అది తెలుగు చెవికి కలిసొచ్చిన అదృష్టం.

సంభాషణ అంటే తగాదా కూడా. ఇది చాలామంది విశ్వాసులు మరిచిపోయే సంగతి. నాశనం కాబోతున్న సొదొమ పట్టణం విషయంలో అబ్రాహాము దేవుడితో బేరమాడిన తీరు ఆదికాండం 18లో ఉంది. యాభైమంది నీతిమంతులుంటే కాపాడతావా? నలభై ఐదు? నలభై? ముప్పై? ఇరవై? పది? చేపల సంతలో కూడా అంత ఓపికగా బేరం నడవదు. తోమా అక్వినాస్ లాంటి పండితులు, ప్రార్థన దేవుడి మనసు మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారా జరగాలని దేవుడు ముందే నిర్ణయించినది పొందడానికి అని వివరించారు. తర్కం బిగువుగానే ఉంది. కానీ అబ్రాహాము బేరం చదువుతుంటే ఆ తర్కం గుర్తుకు రాదు. బేరమాడనిచ్చే దేవుడు కనిపిస్తాడు.

గోదావరి ఒడ్డువాళ్ళకు ఇది కొత్తా కాదు. ఎగువన భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరలో పడిన రామదాసు, పెట్టిన ఖర్చు ఏకరువు పెట్టి మరీ రాముణ్ణి నిలదీశాడు. దేవుడిపై అలిగే, దేవుణ్ణి తిట్టే చనువు ఈ నేల భక్తిలో ఉంది. బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అని 13వ కీర్తన మొదలవుతుంది. చాలా మొరలు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ప్రార్థనల పుస్తకంలోంచి ఎవరూ తీసెయ్యలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరి తోటలు తలలు తెగి పడ్డాయి. ఆ వారం గడిచాక జరిగిన ఆరాధనల్లో కొన్నిచోట్ల ‘మనల్ని కాపాడిన దేవునికి స్తోత్రం’ అనే పాట ఎత్తుకుంటే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కనే కూర్చుని ఏమనుకుని ఉంటుంది? ఆమెకు కావలసిన మాటలు 88వ కీర్తనలో సిద్ధంగా ఉన్నాయి. వాటిని ఆమెకు అందించడం మనకు చేతకాదు. బాధలో ఉన్నవాళ్ళ చేత తొందరపెట్టి స్తుతి చేయించడం మన సంఘాలకు బాగా ముదిరిన జబ్బు అని నా అభిప్రాయం. ఆస్తీ బిడ్డలూ పోగొట్టుకున్న యోబు కథ చెప్పే బైబిలు గ్రంథం చివర్లో దేవుడు యోబు స్నేహితులతో, మీరు నా సేవకుడైన యోబు పలికినట్టు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అంటాడు. ఆ స్నేహితులు దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళు. యోబు ఆయన మీద వ్యాజ్యం వేసినంత పని చేసినవాడు. తేడా ఎక్కడుంది? స్నేహితులు అధ్యాయాల కొద్దీ దేవుడి గురించి మాట్లాడారు. దేవుడితో మాట్లాడింది యోబు ఒక్కడే.

సరే, ఆయన మాట్లాడితే ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న దగ్గర జాగ్రత్త కావాలి. ఎందుకంటే ఇక్కడే మోసమూ, ఆత్మవంచనా దూరతాయి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలా చర్చిల్లో వాగ్దానం కార్డులు పంచుతారు. ట్రేలోంచి ఒకటి తీస్తే అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు ఇచ్చిన మాట. నేనూ తీసుకుంటాను, ఫ్రిజ్ మీద అంటిస్తాను. కానీ ఆ ట్రేలో విలాపవాక్యాలు ఎప్పుడూ ఉండవు. ‘నీ పొరుగువాని గట్టు జరుపవద్దు’ అనే ఆజ్ఞ రాసిన కార్డు ఎవరికీ రాదు. అన్నీ అభివృద్ధి, విస్తరణ, శిరస్సుగా నియమించుట. ఎదుటివాళ్ళ మాటల్లో మనకు నచ్చినవి ఏరుకుని వినడాన్ని ఇంట్లోనైతే సంభాషణ అనం.

దీనికన్నా ప్రమాదం “దేవుడు నాతో చెప్పాడు” అనేవాళ్ళతో. వీసా వస్తుందని, ఫలానా సంబంధం చేసుకోమని, ఫలానా మొత్తం కానుకగా ఇమ్మని. సమూయేలు కథ ఇక్కడ పనికొస్తుంది. రాత్రి దేవుడు పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్లవాడు మూడుసార్లు ముసలి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. స్వరం వినిపించినా ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. పోల్చుకోవడం నేర్పింది ఆ ముసలాయన. అంటే వినడానికి తర్ఫీదు కావాలి, పక్కన ఇంకో మనిషి కావాలి. ఒంటరిగా విన్నానని, ఎవరూ ప్రశ్నించకూడదని చెప్పేవాడి మాటకు ఈ కథలో చోటు లేదు. పైగా ఆ రాత్రి సమూయేలు విన్నది అతనికి లాభం చేకూర్చే మాట కాదు. తనను పెంచినవాడి ఇంటి మీదికి రాబోయే తీర్పు. పొద్దున్నే చెప్పడానికి భయపడ్డాడు.

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ అమెరికాలోని కొన్ని సంఘాలతో ఏళ్ళ తరబడి కలిసి గడిపి, వాళ్ళు దేవుడి స్వరాన్ని ఎలా గుర్తిస్తారో 2012లో ప్రచురించింది. వాళ్ళలో కొందరు దేవుడికి కూడా ఒక కప్పు కాఫీ పోసి ఎదురుగా పెట్టుకుని మాట్లాడతారట. తమ మనసులో మెదిలే వందల ఆలోచనల్లో ఏది తమది, ఏది తమది కానట్టు అనిపిస్తోంది అని వేరుచేయడం కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటారని ఆమె చూసింది. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆమె తేల్చలేదు, తేల్చబోలేదు. వినడం ఒక నేర్చుకున్న విద్య అని మాత్రం చూపించింది. సమూయేలు కథ చెప్పేదీ అదే.

మా దగ్గర ఈ విద్యకు ఒక పేరుంది. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు అయ్యగారు ప్రారంభించిన బైబిల్ మిషన్‌లో ‘సన్నిధి’ ఒక ముఖ్యమైన అలవాటు. కోరికల జాబితా పక్కన పెట్టి, మాటలు తగ్గించి, దేవుడి ఎదుట కనిపెట్టుకుని కూర్చుంటారు. ‘కనిపెట్టు’ అనే క్రియ గమనించండి. ఎదురుచూడడమూ అదే, కొత్తది తెలుసుకోవడమూ అదే. ఆ రెంటికీ ఒకే మాట ఉన్న భాషలో పుట్టినందుకు నాకు అప్పుడప్పుడు గర్వంగా ఉంటుంది.

అడగడం గురించి కొంచెం. ప్రార్థన అనే సంస్కృత పదంలోనే అడగడం ఉంది, కాబట్టి తెలుగులో ప్రార్థన అనగానే కోరిక గుర్తొస్తుంది. కానీ యేసే చెప్పాడు, అడగకముందే మీ అక్కరలు తండ్రికి తెలుసని. మరి ఎందుకు అడగాలి? సమాచారం ఇవ్వడానికి మాత్రం కాదు. భార్యకు ఆకలేస్తోందని భర్తకు తెలిసినా ఆమె నోటితో అడగడంలో ఒక చనువు ఉంటుంది. అడిగితే వస్తుందా? పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. “నా కృప నీకు చాలును” అని జవాబు వచ్చింది. గెత్సేమనేలో గిన్నె తొలగలేదు. ప్రార్థనలో అడిగినది అందకపోవడం అవిశ్వాసానికి గుర్తు అని చెప్పే ప్రసంగీకులు ఈ ఇద్దరి సంగతి ఏం చేస్తారో నాకు తెలియదు.

ఇతరులు చేసే ప్రార్థన రోగులకు పనిచేస్తుందా అని చూసిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2006లో అమెరికాలో వచ్చాయి. గుండెకు బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగిన గుంపులో 52 శాతం మందికి, జరగని గుంపులో 51 శాతం మందికి చికిత్స తర్వాత చిక్కులు వచ్చాయి. తమ కోసం ప్రార్థన జరుగుతోందని ఖాయంగా తెలిసిన మూడో గుంపులో 59 శాతం. దీన్ని చూసి కొందరు నవ్వారు, కొందరు ఉలిక్కిపడ్డారు. ప్రార్థనను మోటారు స్విచ్‌లా చూసేవాళ్ళు ఉలిక్కిపడాల్సిందే. స్విచ్ వేస్తే నీళ్ళు రావాలి కదా. ఎదుట ఒక వ్యక్తి ఉన్నాడని నమ్మేవాళ్ళు మాత్రం, వ్యక్తులు ప్రయోగశాలలో స్విచ్‌లా పనిచేయరని అంటారు. అది తప్పించుకునే జవాబులా వినిపిస్తుందని నాకూ తెలుసు. కానీ సంభాషణ అనే మాటను నిజంగా నమ్మితే అవతలివాడికి ‘కాదు’ అనే స్వేచ్ఛ ఇవ్వక తప్పదు.

మైకు గురించి ఒక్క మాట. మా కూడికల్లో కొన్ని ప్రార్థనలు దేవుడికి వినిపించడానికి కావు. “ప్రభువా, ఈ సంఘంలో కొందరు భవన నిధికి ఇంకా ఇవ్వలేదని నీకు తెలుసు” అని మొదలైతే, ఆ కొందరికి కూడా తెలుస్తుంది. సమూయేలు తల్లి హన్నా ప్రార్థన చేసినప్పుడు పెదవులే కదిలాయి, స్వరం వినబడలేదు. యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు.

మా నానమ్మ బడికి వెళ్ళలేదు. ఊడ్పులకు, కోతలకు వెళ్ళింది. నాలుగింటికి లేచి పొయ్యి రాజేసే ముందు గోడ వైపు తిరిగి కూర్చుని దేవుడితో మాట్లాడేది. బైబిలు విని విని నేర్చుకున్న గ్రాంథికం, పొలంలో మాట్లాడే మాట ఒకే వాక్యంలో కలిసి వచ్చేవి. “దయామయుడవైన తండ్రీ, ఏమయ్యా, నీకు చెప్పి మూడు రోజులైంది, గేదె ఇంకా లేవలేదు.” ఆ గేదె చచ్చిపోయింది. మర్నాడు కూడా నానమ్మ నాలుగింటికే లేచింది. ఆ రోజు ఏం మాట్లాడిందో మాకు వినబడలేదు.

చివరి నెలల్లో పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. ఒక్క ‘అబ్బా’ మాత్రం నోట మిగిలింది. అది నొప్పికో పిలుపుకో మాకు తెలిసేది కాదు. ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ “ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో” మన తరఫున విజ్ఞాపన చేస్తుందని పౌలు రోమీయులకు రాశాడు. మా నాన్న ఆ వాక్యం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, రోజూ రాత్రి మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆమెకు కీర్తనలు చదివేవారు. రెండు మూడు వాక్యాలకు ఒకసారి ఆమె గొంతులోంచి సన్నగా ఊ అని వచ్చేది. ఒక రాత్రి చాలాసేపు ఊ రాలేదు. నిద్రపోయిందనుకుని నాన్న పుస్తకం మూసి, లైటు ఆర్పి లేచారు. చీకట్లోంచి “ఊ” అంది. నాన్న మళ్ళీ లైటు వేసి, ఆపిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టారు.